గ్రాండ్ కాన్యన్ పక్కన పైసా కట్టకుండా టెంట్ వేయాలంటే

చిన్నా,

గ్రాండ్ కాన్యన్ పార్కు లోపలి మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక్క సైటు కూడా ఖాళీ లేదని మెసేజ్ పెట్టావు. ఉండదు మరి. ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు. జూన్ ట్రిప్పుకి మే నెలలో వెతికితే ఏం దొరుకుతుంది? పార్కు గేటు బయట ఉన్న టుసాయన్ ఊళ్ళో హోటళ్ళ రేట్లు చూసి ట్రిప్పే మానేద్దామంటున్నావు, ఆ పని మాత్రం చేయకు. సౌత్ రిమ్, అంటే కాన్యన్ దక్షిణపు అంచు, గేటు దాటి బయటికొస్తే, టుసాయన్ ఊరు వదిలేస్తే చుట్టూ ఉన్నది చాలా వరకు కైబాబ్ నేషనల్ ఫారెస్టే. అందులో బుకింగ్ లేకుండా, డబ్బు కట్టకుండా టెంట్ వేసుకోవచ్చు.

ఈ మాట చెప్తే మీ అమ్మ కంగారు పడుతుంది. తప్పు లేదు. మన నల్లమలలో రిజర్వ్ ఫారెస్ట్‌లోకి పర్మిషన్ లేకుండా అడుగుపెడితేనే కేసు, ఇంక రాత్రి పడుకోవడమా! అమెరికాలో పద్ధతి వేరని చెప్పు. నేషనల్ పార్కులో వాళ్ళు చూపించిన చోట తప్ప పడుకోకూడదు. నేషనల్ ఫారెస్ట్ వేరే శాఖది, అక్కడ వద్దన్న చోట్లు వదిలేస్తే మిగతా చాలా చోట్ల ఉండొచ్చు. దీన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. కైబాబ్‌లో అయితే 30 రోజుల్లో 14 రోజుల దాకా ఉండనిస్తారు. నీళ్ళు, బాత్రూమ్, చెత్త డబ్బా, పక్క సైటు అంకుల్ ఎవరూ ఉండరు.

ఇలాంటి చోటు దొరికేది అడవిలో కాదురా, ఇంట్లో టేబుల్ దగ్గర. చీకటి పడ్డాక హెడ్‌లైట్ల వెలుగులో వెతుక్కుందాంలే అనుకున్నవాళ్ళే చివరికి గ్యాస్ స్టేషన్ పార్కింగ్‌లో సీట్లు వాల్చుకుని పడుకుంటారు.

ముందు మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ సంపాదించు. ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళే ఫ్రీగా ఇస్తారు, కైబాబ్‌లో టుసాయన్ రేంజర్ డిస్ట్రిక్ట్ ది కావాలి నీకు. అవెంజా యాప్‌లో దించుకుంటే సిగ్నల్ లేకపోయినా మ్యాప్ మీద నువ్వున్న చోటు చూపిస్తుంది. చూడ్డానికి పరమ బోరుగా, నలుపు తెలుపుల్లో ఉంటుంది. కొండలుండవు, చెట్లుండవు, ఏ రోడ్డు మీద ఏ బండి పోవచ్చో అంతే. కొన్ని రోడ్ల వెంట సన్నటి చుక్కల వరస కనిపిస్తుంది. ఆ రోడ్డు దిగి పక్కకు బండి తీసుకెళ్ళి క్యాంప్ వేయొచ్చని దానర్థం. ఎంత దూరం వెళ్ళొచ్చో అదే మ్యాప్‌లో పట్టికలో రాసి ఉంటుంది. కొన్ని చోట్ల 300 అడుగులు, కొన్ని చోట్ల ఇంకా తక్కువ. మ్యాప్‌లో లేని రోడ్డు నేల మీద ఎంత చక్కగా కనిపించినా సరే, బండి ఎక్కించకు. మ్యాప్‌లో లేకపోతే బండ్లకు అది రోడ్డు కానట్టే.

క్యాంప్ చోట్ల మీద జనం రివ్యూలు రాసే యాప్‌లు చూడొద్దనను, ఫోటోలకి పనికొస్తాయి. కానీ మూడేళ్ళ కింద ఎవరో పెట్టిన పిన్ను నమ్ముకుని వెళ్తే అక్కడ గేటు వేసి ఉండొచ్చు.

తర్వాత రేంజర్ ఆఫీసుకి ఫోన్ చెయ్. వారాంతం ఎత్తరు కాబట్టి గురువారమే చేసెయ్. మనవాళ్ళకి ఈ ఫోన్ అంటే ఎందుకో మొహమాటం, ఏదో సర్కారు ఆఫీసు కదా అని. వాళ్ళు చక్కగా మాట్లాడతారు, పైగా ఆ వారం రోడ్ల సంగతి వాళ్ళకి తెలిసినట్టు ఏ వెబ్‌సైటుకీ తెలియదు. "302 రోడ్డు మీద మామూలు కారు వెళ్తుందా? ఫైర్ రిస్ట్రిక్షన్స్ ఉన్నాయా? ఏదైనా భాగం మూసేశారా?" అని అడుగు. 302 టుసాయన్‌కి దక్షిణాన, 64వ నంబరు హైవే నుంచి తూర్పుకి తిరుగుతుంది, పాండరోసా పైన్ చెట్ల మధ్య. అందరికీ తెలిసిన రోడ్డే కాబట్టి శుక్రవారం సాయంత్రానికి మొదట్లో ఉన్న చోట్లన్నీ నిండిపోతాయి. ఓపిగ్గా ఇంకాస్త లోపలికి పో.

లోపలికి వెళ్ళాక రోడ్డు నంబరు బోర్డులు గమనించు. అంకెలు అడ్డంగా రాసి ఉంటే మామూలు కార్లకి పనికొచ్చే రోడ్డు. ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటే అది ఎత్తుగా ఉండే బండ్లకి, నీ అద్దె సెడాన్‌కి కాదు. అన్నట్టు, అద్దె కారు అగ్రిమెంట్‌లో మట్టిరోడ్ల గురించి ఏం రాసుందో చదివి సంతకం పెట్టు.

సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే చేరిపో. ఇంతకుముందు ఎవరో వాడిన చోటే చూసుకో: నేల గట్టిగా, గడ్డి లేకుండా, రాళ్ళతో పొయ్యి పేర్చి ఉంటుంది. కొత్తగా పచ్చగడ్డి తొక్కి చోటు చేయొద్దు. టెంట్ వేసే ముందు తలెత్తి పైకి చూడు. ఎండిపోయిన చెట్టు గానీ, విరిగి వేలాడే కొమ్మ గానీ కనిపిస్తే ఎంత నీడగా ఉన్నా వదిలెయ్. పల్లంగా, ఇసక పరుచుకున్న వాగు దారిలో కూడా వేయకు. జులైలో వానలు మొదలయ్యాక అలాంటి చోట్ల ఎక్కడో పడిన వానకి ఇక్కడ నీళ్ళొచ్చేస్తాయి.

అరిజోనాలో ఇంకో రూలుంది. పశువులో అడవి జంతువులో నీళ్ళు తాగే గుంట దగ్గర, వాటికి వేరే నీళ్ళు అందుబాటులో లేనప్పుడు దారికి అడ్డం పడేలా పావు మైలు లోపు క్యాంప్ వేయకూడదు. నీటి పక్కన బాగుంటుందని నీ ఫ్రెండ్స్ అంటారు. రాత్రంతా ఎల్క్‌లు, అంటే పెద్ద దుప్పులు, దాహంతో మీ టెంట్ల చుట్టూ తిరుగుతుంటాయి, వద్దని చెప్పు.

మంట సంగతి. జూన్ అంటే వానలకి ముందు, అడవి బాగా ఎండి ఉంటుంది. చలిమంట నిషేధం ఉండే అవకాశమే ఎక్కువ. 2025 జులైలో పిడుగు వల్ల అంటుకున్న డ్రాగన్ బ్రావో మంట అవతలి అంచున నార్త్ రిమ్ లాడ్జిని బూడిద చేసింది. అందుకే ఎవరూ చూడట్లేదు కదా అని చిన్న మంట కూడా వద్దు. ఆపుకునే నాబ్ ఉన్న గ్యాస్ స్టవ్ మామూలుగా ఒప్పుకుంటారు, అదీ ఫోన్‌లోనే అడిగెయ్. మంటకి అనుమతి ఉన్నా పడుకునే ముందు నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, చేతి వెనక వైపుతో తడిమి చూడు. వెచ్చగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట.

మనిషికి రోజుకి గ్యాలన్ నీళ్ళు తీసుకెళ్ళండి, వంటకి ఇంకొంచెం. పులిహోర, పెరుగన్నం డబ్బాలు, ఆవకాయ సీసా అన్నీ రాత్రికి కారులో పెట్టి లాక్ చేయాలి. టూత్‌పేస్ట్ కూడా. పగలు బల్ల మీద వదిలితే కాకుల్లాంటి రావెన్‌లు సంచీ జిప్పు కూడా తీసేస్తాయి. కాలిఫోర్నియాలో సియెర్రా కొండల వైపు వెళ్ళే రోజు, ఎలుగుబంట్లు తెరవలేని తిండి డబ్బా గురించి వేరే చెప్తా.

బాత్రూమ్ గురించి ఎవరూ అడగరు, అందరికీ అదే టెన్షన్. చిన్న తవ్వుకోల కొను. నీటికీ, దారికీ, టెంట్‌కీ 200 అడుగుల దూరం, అంటే దాదాపు డెబ్బై అంగలు నడిచి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొయ్యి తీయాలి. కాగితం జిప్ కవర్లో వెనక్కి తెచ్చెయ్. చెత్త సంగతి ఇక చెప్పక్కర్లేదు.

టుసాయన్ దగ్గర 6,600 అడుగుల ఎత్తు. ఫీనిక్స్‌లో ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందని టీషర్టులతో దిగకండి, తెల్లవారుజామున స్వెట్టర్ లేకపోతే వణుకుతారు.

మీ డాలస్ వాళ్ళకి ఒక ముక్క. టెక్సస్‌లో నాలుగు నేషనల్ ఫారెస్టులున్నాయి, అన్నీ తూర్పు వైపే. వాటిలో శామ్ హ్యూస్టన్‌కి జింకల వేట సీజన్లో వెళ్తే వాళ్ళు కేటాయించిన క్యాంపుల్లోనే ఉండాలి, ఎక్కడ పడితే అక్కడ కుదరదు.

వెళ్ళేముందు ఏ రోడ్డు, ఏ రోజు తిరిగి రావడం అన్నది నాకు రాసి పంపు. లోపల సిగ్నల్ ఉండదు, పొద్దున పార్కులోకి వచ్చాక ఒక మెసేజ్ పెడితే చాలు. మ్యాప్ దించుకున్నాక మీరు అనుకున్న రోడ్డు మీద గుర్తు పెట్టి స్క్రీన్‌షాట్ పంపు, నేను చూసి చెప్తా.

మీ పిన్ని
ఫీనిక్స్