మంగు మచ్చలకు లైటా, లేజరా? ముందు ఆ ట్యూబ్ సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 34. టంగుటూరు దగ్గర పల్లె మాది. రెండో కాన్పు తర్వాత రెండు బుగ్గల మీద, పై పెదవి మీద మంగు వచ్చింది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ ఎనిమిది నెలలు రాశాను. మొదట్లో బాగా తగ్గింది. మానేస్తే నాలుగు రోజులకే ముఖం మంట, మొటిమలు, మచ్చ ఇంకా నల్లగా అయింది. అందుకని మళ్లీ రాస్తున్నాను. సీజన్లో పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పని ఉంటుంది. ఒంగోలులో ఒక బ్యూటీ పార్లర్ వాళ్లు ఐపీఎల్ లైట్ ట్రీట్‌మెంట్ ఆరు సిట్టింగులు 18 వేలన్నారు. ఒక స్కిన్ క్లినిక్‌లో లేజరే మంచిదన్నారు. రెండు నెలల్లో మా మరిది పెళ్లి. ఏది చేయించుకోమంటారు?
– ఓ సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ఈ పెళ్లి లోపల రెండూ వద్దు. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది మచ్చ కాదు, ఆ ట్యూబ్.

రాస్తే తెల్లబడటం, మానేస్తే మంట, మొటిమలు, ఎరుపు. ఇది స్టెరాయిడ్ కలిసిన క్రీము చేసే పని. మంగుకి వాడే చాలా క్రీముల్లో మూడు మందులు ఉంటాయి. రంగును తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మం పొరను మార్చే ట్రెటినాయిన్, మంటను అణచే స్టెరాయిడ్. డాక్టర్ చూస్తూ కొన్ని వారాలు వాడితే మంచి మందే. నెలల తరబడి రాస్తే మాత్రం ముఖం చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, ఎండ తగిలితే చాలు భగ్గుమంటుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా కౌంటర్ దగ్గర ‘తెల్లబడే ట్యూబ్’ అని అడిగితే ఇచ్చేస్తున్నారు. నా దగ్గరికి వచ్చే మంగు పేషెంట్లలో చాలామంది ముందు ఆ కౌంటర్ దగ్గర ఆగి వచ్చినవాళ్లే. ఇందులో మీ తప్పేమీ లేదు.

అలా పలచబడిన చర్మం మీద లైటు గానీ లేజరు గానీ కొడితే కాలే ప్రమాదం ఎక్కువ. అందుకే ముందు చర్మం కోలుకోవాలి. అలాగని ట్యూబ్‌ను రేపే పారేయకండి. ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో మీరు ఒకసారి చూశారు. తక్కువ బలం ఉన్నదానికి మార్చి, రోజు విడిచి రోజుకు తగ్గించి, నెమ్మదిగా మాన్పించాలి. అది డాక్టర్ చేతుల మీదుగానే జరగాలి.

ఇక లైటుకీ లేజరుకీ తేడా. ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్డ్ లైట్) అనేది లేజర్ కాదు. కెమెరా ఫ్లాష్‌లో ఉండే రకం దీపమే, బలం చాలా ఎక్కువ. అందులోంచి సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవును కొలిచే లెక్క) దాకా రకరకాల కాంతి ఒకేసారి వస్తుంది, ఫిల్టర్ పెట్టి కొంత ఆపుతారు. లేజర్ నుంచి వచ్చేది ఒకే రకం కాంతి. మనకు ఎక్కువగా వాడే క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ లేజర్‌లో అది 1064 నానోమీటర్లు. రెండూ చేసే పని చర్మంలోని నల్ల రంగుకి, అంటే మెలనిన్‌కి వేడి పుట్టించడమే. చిక్కంతా అక్కడే ఉంది. తెల్లవాళ్ల చర్మంలో మెలనిన్ ఎక్కువగా ఉండేది మచ్చలోనే కాబట్టి కాంతి దాన్నే పట్టుకుంటుంది. చర్మాన్ని ఆరు రకాలుగా విడదీసే ఫిట్జ్‌పాట్రిక్ లెక్కలో మనలో చాలామందిది నాలుగో రకం, ఐదో రకం. మనకు మెలనిన్ ముఖమంతా ఉంటుంది. ఏది మచ్చ, ఏది మామూలు రంగు అనేది ఆ కాంతికి తెలియదు.

ఇంకో తేడా సమయం. 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక సూత్రం చెప్పారు. కాల్చాల్సిన కణం చల్లారేలోపే కాంతి ఆగిపోతే పక్కనున్న చర్మానికి దెబ్బ తగలదు. మెలనిన్ రేణువు సెకనులో పది లక్షల వంతు కంటే తక్కువ సమయంలోనే చల్లారిపోతుంది. క్యూ స్విచ్డ్ లేజర్ అంతకంటే తక్కువ సమయంలో, నానోసెకన్లలో, కొట్టి ఆగుతుంది. ఐపీఎల్ కొన్ని మిల్లీసెకన్ల పాటు వెలుగుతుంది, అంటే లక్షల రెట్లు ఎక్కువసేపు. ఈలోగా వేడి చుట్టుపక్కలకి పాకుతుంది. పోపులో ఆవగింజ చిట్లి చేతి మీద పడితే కాలిన చోట నల్ల చుక్క నెలల తరబడి ఉండటం మీకు తెలుసు కదా. మన చర్మం తీరే అది. ఏ చిన్న వేడి దెబ్బ తగిలినా నల్లగా గుర్తుపెట్టుకుంటుంది.

ఆ మధ్య ఒక అమ్మాయి చున్నీ ముఖానికి చుట్టుకుని వచ్చింది. తీశాక చూస్తే బుగ్గ మీద అగ్గిపెట్టె అంచు పెట్టి ముద్ర వేసినట్టు పొడవాటి నల్ల పట్టీలు, ఒకదాని పక్కన ఒకటి, వరసగా. ఐపీఎల్ మిషన్ చివర ఉండే గాజు పలక ఆకారమది. మొదటి సిట్టింగ్‌లోనే బాగా మండిందట. ‘అలాగే ఉంటుంది, ఓర్చుకోవాలి’ అన్నారట. ఆ పట్టీలు మాయడానికి ఎనిమిది నెలలు పట్టింది, అసలు మంగు అలాగే ఉంది. మీ ఉత్తరంలో 18 వేలు, ఆరు సిట్టింగులు అని చదవగానే ఆ బుగ్గే గుర్తొచ్చింది.

ఐపీఎల్ పనికిరానిదని కాదు. పచ్చగా ఉండే చర్మం మీద ఎండకు వచ్చే చిన్న మచ్చలకి, అనుభవం ఉన్న డాక్టర్ చేతిలో బాగానే పనిచేస్తుంది. 1064 లేజర్ కాంతి లోతుకు వెళ్తుంది, పైపొర మెలనిన్ దాన్ని తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి మన రంగుకి అది కొంత భద్రం. కొందరికి చిన్నప్పటి నుంచీ ఒక కంటి చుట్టూ నీలంగా మచ్చ ఉంటుంది చూడండి, దానికి ఈ లేజర్ చాలా మంచి వైద్యం. మంగు కథ వేరు. అక్కడ రంగు పేరుకుపోవడం ఒక్కటే కాదు, రంగు తయారుచేసే కణాలే రెచ్చిపోయి ఉంటాయి. లేజర్ ఉన్న రంగును పగలగొడుతుంది, కణాలు మళ్లీ తయారుచేస్తాయి. కొన్ని నెలల్లో తిరగబెట్టడం మామూలు. తక్కువ పవర్‌తో పదేపదే చేసే ‘టోనింగ్’ మితిమీరితే నల్ల మచ్చ మధ్యలో తెల్ల చుక్కలు పడతాయి. వాటిని పోగొట్టడం ఇంకా కష్టం.

మీరు రాసినదాన్ని బట్టి ఇది మంగే అనిపిస్తోంది. అయినా చర్మాన్ని నేరుగా, పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్‌తో చూశాకే తేల్చాలి. మెడ వెనక, చంకల్లో కూడా నల్లగా, మందంగా ఉంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, షుగర్ పరీక్ష అవసరం కావచ్చు. పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. మంగును పెంచేవాటిలో అవొకటి.

అసలు వైద్యం ఎండ దగ్గర మొదలవుతుంది. మామూలు సన్‌స్క్రీన్ ఎండలోని అతినీల కిరణాలను ఆపుతుంది గానీ, కంటికి కనపడే వెలుతురు కూడా మంగును నల్లబరుస్తుంది. దాన్ని ఆపాలంటే ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత గోధుమ రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ కావాలి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. బయట ఉన్నప్పుడు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇక బ్యారన్. వేడి కూడా మంగుకి శత్రువే, ఎండ లేకపోయినా సరే. క్యూరింగ్ సీజన్లో పొయ్యి ముందు, బ్యారన్ తలుపు దగ్గర నిలబడే పని ఇంకొకరికి అప్పగించి, మీరు ఆకు దగ్గర కూర్చునే పని చూసుకోగలరేమో ఇంట్లో మాట్లాడండి. ఇది చిన్న విషయమని వాళ్లు అనుకోవచ్చు, నేను మాత్రం అనుకోను.

చర్మం కుదుటపడ్డాక అజిలాయిక్ యాసిడ్ లాంటి స్టెరాయిడ్ లేని క్రీములతో మొదలుపెడతాం. ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు కొందరికి బాగా పనిచేస్తాయి. పక్కింటావిడ వాడుతోందని మీరు వేసుకోకండి. రక్తం గడ్డకట్టే సమస్య గానీ పక్షవాతం గానీ వచ్చి ఉన్నవాళ్లకు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు అవి ప్రమాదం. అన్నీ అడిగాకే డాక్టర్ రాస్తారు. మార్పు కనపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆరు నెలలు ఇలా చేశాక కూడా మొండిగా మిగిలితే అప్పుడు 1064 లేజర్ గురించి మాట్లాడుకోవచ్చు. అప్పుడైనా ముందు చెవి పక్కన చిన్న చోట టెస్ట్ చేయించుకుని, నాలుగు వారాలు ఆగి చూడాలి. మిషన్ ఏది, చేసేది డాక్టరా హెల్పరా, నల్లబడితే బాధ్యత ఎవరిది అని ముందే అడగండి. ఆ ప్రశ్నలకు విసుక్కునే చోట డబ్బు కట్టొద్దు.

పెళ్లి టెన్షన్ నాకు అర్థమవుతుంది. వదినగా ప్రతి ఫొటోలో మీరు ఉండాలి. దానికి మేకప్ చాలు, మంగును మేకప్ బాగానే కప్పుతుంది. పెళ్లి ముందు కొత్తగా బ్లీచ్, ఫేషియల్, పీలింగ్ ఏవీ పెట్టుకోవద్దు. ఒంగోలు జీజీహెచ్‌లో, మనవాళ్లు ఇప్పటికీ రిమ్స్ అనే ఆస్పత్రిలో, చర్మ విభాగం ఉంది. అక్కడికి గానీ, మీకు నమ్మకమున్న చర్మ డాక్టర్ దగ్గరికి గానీ ఈ వారంలోనే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబ్‌ను అట్టపెట్టెతో సహా తీసుకెళ్లండి. పెట్టె మీద సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చూస్తేనే ఎంత నెమ్మదిగా మాన్పించాలో డాక్టర్‌కి తెలుస్తుంది.