గుజి ఎవరి కాలికి వాళ్లదే

అల్లుడా,

చెల్లె ఫోన్ చేసి ఏడ్చింది. పట్నంల బండి మీద పార్సెళ్లు ఇచ్చే పని ఇడిసిపెట్టి వచ్చినవట, ఈ ఏడు మీ నాయిన తాటిచెట్లు కల్లుకు నువ్వే గీస్తనంటున్నవట. "మంచిదే, ఏడుస్తవెందుకు" అని ఫోన్ పెట్టేసిన. పెట్టేసినంక రాత్రంత నిద్ర పట్టలే. మీ ఇంట్ల నడుముకు, మానుకు చుట్టుకొని ఎక్కే మోకు ఇగ మూలకు పడ్డట్టే అనుకున్న, నువ్వు ముట్టుకుంటివి. సంబురమైంది. భయం గూడ అంతే అయింది.

కత్తి నూరుడు, కల్లు కుండ కట్టుడు మీ నాయిన చెప్తడు. వాన పడ్డనాడు ఎక్కకు. తాగి ఎక్కకు. నేను రాసేది కాళ్ల గురించి.

ఫోన్ల ఏదో చూసి ముండ్ల బూట్లు తెప్పించుకుంటనన్నవట. పిక్కలకు మెత్తలు కట్టుకొని, పాదం పక్కకున్న ఇనుప మేకుతోని మాను పొడుచుకుంట ఎక్కేటియి. అవి కొట్టేసే చెట్లకురా. వేపకో మామిడికో గాయమైతే మెల్లగ బెరడు కమ్ముకుంటది. తాడికి ఆ గుణం లేదు, గాటు పడితే పడ్డట్టే ఉంటది. బాయికాడి తాటిచెట్టుకు మా తాత పెట్టిన గొడ్డలి గాట్ల ఇప్పటికీ నా నాలుగు వేళ్లు దూరుతయి, పోయి చూడు. పొద్దుగాల, మాపటికి ఎక్కే చెట్టును నువ్వు దినాం పొడుస్తవా?

రెండు పాదాలకు తగిలించుకొని మానును ఒత్తిపట్టి ఎక్కే గుజే మనకు బూటు. దాని కాడ్నే నేను తప్పు చేసిన.

అప్పుడు నాకు పందొమ్మిదేండ్లు. నా గుజి వానకు తడిసింది. ఆరేదాక ఆగొద్దా? ఆగలే. దండెం మీద మీ పెద్దమామ గుజి కనవడితే గుంజుకొని పోయిన. ఆయనవి పలక పాదాలు, నాయి ఆడివిల్ల పాదాలని మా అవ్వ నవ్వేది. గుజి నాకు బెత్తెడు వదులు. కింద తెల్వలే. మొదట్ల మాను లావుంటది గద, రెండు పాదాల నడుమ గుజి బిర్రుగనే ఉన్నది. పైకి పోయినకొద్ది మాను సన్నవడ్డది, గుజి సడలింది. అట్ల కమ్మలు ఇంక రెండు నిలువుల దూరం ఉన్నయనంగ ఎడమ కాలు బయటికొచ్చింది. గుజి కిందికి పోయింది. అది నేల మీద పడ్డ సప్పుడు ఇప్పటికీ ఇనవడుతది నాకు.

మోకు ఆపింది. మానును కావలించుకొని జారుకుంట దిగిన, రొమ్ము తోలంత మానుకే అంటింది. మా అవ్వ పసుపు పెట్టుకుంట తిట్టింది, తిట్టుకుంట ఏడ్చింది. చిన్నప్పుడు నువ్వు నా రొమ్ము మీది గీతలు చూసి "మామా, పులి గీరిందా" అనేటోనివి. అవునన్న. పులి గాదు బిడ్డా, మీ పెద్దమామ గుజి.

అందుకే గుజిని లావు మొదట్ల చూసుకోకు, సన్న మాను కాడ చూసుకో. నిలువెత్తు ఎక్కి, పది సార్లు కూసొని లేసి చూడు. కొత్తది పాదం మీద కోస్తది. మాను మొదట్లనే రెండు రోజులు తొక్కి మెత్తగ చేసుకో, పాత పంచె గుడ్డ చుట్టు, ముడి మాత్రం పాదం మీదికి రానియ్యకు. బొబ్బలొచ్చినయని సిగ్గువడి దాచుకోకు. నొప్పున్న కాలు మానును సక్కగ ఒత్తదు.

2024 జూలైల లష్కర్‌గూడల ముఖ్యమంత్రి గీత కార్మికులకు చెట్టు మీదికెళ్లి పడకుండ కాపాడే కాటమయ్య కిట్లు పంచుతుంటే టీవీ ముంగట కూసొని నేను నవ్విన. ఇంత బెల్టెందుకు అని. ఇప్పుడు నవ్వను. కానీ మీ నాయిన పొట్టకు సరిపెట్టిన బెల్టు నీ సన్న నడుముకు అట్లనే తగిలించుకున్నవనుకో, అదీ ఇంకొకరి గుజే. పట్టీలన్నీ ఇప్పి మళ్ల నీకు బిగించుకో. నడుము పట్టీ తుంటి ఎముకల మీదికుండాలె. తొడ పట్టీలల్ల అరచెయ్యి దూరాలె, పిడికిలి దూరొద్దు. లుంగీ మీద కట్టకు, మడతలు ఒరుసుకుంటయి.

ఇంకోటి. పోయినేడు బండి మీదికెళ్లి పడి కుడి మోకాలు పట్టుకుందని చెల్లె చెప్పింది, నువ్వు చెప్పలే. ఆ మోకాలు ముడిచి చూపిస్తెనే ఎక్కనిస్త.

ఆదివారం వస్తున్న. నీ పాదాలు కొలిచి గుజి నేనే అల్లుత. అప్పటిదాక తాటిచెట్ల దిక్కు పోకు. చుక్కకూర పప్పు వండి పెట్టుమని మీ అమ్మకు చెప్పు.

మీ మామ