రెండు బ్యాగులు వేసినా టీ పలచగానే ఉంటోంది

ప్రశ్న: ప్రతి ఖర్చూ లెక్క చూసుకోవలసిన పరిస్థితిలో ఉన్నాను. పొయ్యి మీద టీ మరిగించుకొనే వీలు లేదు కనుక టీ బ్యాగులతోనే సరిపెట్టుకుంటున్నాను. చవకవి కొంటే వేడినీళ్లకు రంగు పట్టినట్టు ఉంటోంది తప్ప రుచి ఉండడం లేదు. కప్పుకు రెండేసి వేస్తే పెట్టె ఇట్టే ఖాళీ అవుతోంది. ఎక్కువసేపు నాననిస్తే చేదెక్కుతోంది. తక్కువ ఖర్చులో చిక్కగా, రుచిగా ఉండే టీ బ్యాగులను ఎలా గుర్తించాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: కప్పుకు రెండు బ్యాగులు వేయవలసి వస్తున్నదంటే మీరు కొంటున్న పెట్టె నిజానికి చవకైనది కాదు. పెట్టె మీద బ్యాగుల సంఖ్యను పెద్ద అక్షరాలలో, నికర బరువును ఏదో ఒక మూల చిన్న అక్షరాలలో ముద్రిస్తారు. మీరు చూడవలసింది ఆ చిన్న అక్షరాలను. బరువును బ్యాగుల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్క బ్యాగులో ఎంత టీ ఉన్నదో తేలుతుంది. 100 బ్యాగుల పెట్టె 150 గ్రాములు తూగితే బ్యాగుకు గ్రామున్నర, 250 గ్రాములు తూగితే రెండున్నర గ్రాములు అన్నమాట. టీ రుచిని పరీక్షించేటప్పుడు పాటించే ఐఎస్‌ఓ 3103 ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు వేసి 6 నిమిషాలు నాననిస్తారు. అది లోపాలను పట్టుకోవడానికి కాచే గాఢమైన టీ కనుక ఇంట్లో అంత అవసరం లేదు కానీ, గ్రామున్నర టీని 250 మిల్లీలీటర్ల కప్పులో వేసి చిక్కదనం ఆశించడం ఎంత అత్యాశో దానిని బట్టి తెలుస్తుంది. అందుచేత ధరను బ్యాగులతో కాక గ్రాములతో భాగించి పోల్చుకోండి.

బరువు తరువాత చూడవలసింది ఆకు రకం. ఆకును నలిపి, చీల్చి, గుళికలుగా చుట్టే సీటీసీ పద్ధతి 1930ల ప్రాంతంలో అస్సాంలో మొదలైంది. ఆ సన్నని గుళికల నుంచి సారం త్వరగా దిగుతుంది కనుక రంగుకు, చిక్కదనానికి అవే తగినవి. అస్సాం, కెన్యా టీలు గానీ, అవి కలిసిన మిశ్రమాలు గానీ మీ అవసరానికి సరిపోతాయి. డార్జిలింగ్ టీ గొప్పదనం సువాసనలో ఉంటుంది. చిక్కదనం కోసం దానికి ఎక్కువ ధర పెట్టడం వృథా. ‘డస్ట్’ అన్న మాట చూసి చాలామంది అది ఊడ్చి ఎత్తిన చెత్త అనుకుంటారు. పాపం, అది రేణువు పరిమాణాన్ని తెలిపే పేరు మాత్రమే. అందులోనూ మేలురకం ఉంటుంది, నాసిరకం ఉంటుంది. అయితే రేణువు ఎంత సన్ననిదైతే వాసన అంత త్వరగా పోతుంది కనుక ప్యాకింగు తేదీ చూసి కొనండి. తెరిచిన తరువాత గాలి చొరబడని డబ్బాలో, మసాలాలకు దూరంగా ఉంచండి. దారం, చీటీ, విడివిడి కవర్ల వల్ల టీ చిక్కబడదు, వాటి ఖర్చు మాత్రం ధరలో కలుస్తుంది.

చేదు సంగతి వేరు. చిక్కదనం ప్రధానంగా ఆకు ఎంత ఉన్నదనే దాని మీద ఆధారపడుతుంది. ఆకు తక్కువై, ఆ లోటును సమయంతో పూడ్చబోతే వగరూ చేదూ మిగులుతాయి. మీకు జరుగుతున్నది అదే. నీరు తెర్లుతుండగానే బ్యాగు మీద పోసి, కప్పుకు మూత పెట్టి, నాలుగైదు నిమిషాలు ఆగి బ్యాగు తీసివేయండి. పాలు ఆ తరువాతే కలపాలి. ముందే పోస్తే నీటి వేడి తగ్గి సారం సరిగా దిగదు. పాలలోని ప్రోటీన్లు టానిన్లను పట్టి వగరును తగ్గిస్తాయి కనుక పాలు కలుపుకొనేవారు ఒక నిమిషం అదనంగా నాననిచ్చినా ఇబ్బంది ఉండదు. టీ మీద తెట్టులాంటి పొర కడుతున్నదంటే మీ నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ ఉన్నట్టు. అప్పుడు బ్రాండు మార్చడం కన్నా వడపోత నీరు వాడి చూడడం మేలు. వాడిన బ్యాగును దాచి మళ్లీ వేసుకోవడం పొదుపుగా కనిపిస్తుంది కానీ, సారంలో అధిక భాగం మొదటిసారే దిగిపోయి ఉంటుంది.

కొత్త రకాన్ని ఎప్పుడూ చిన్న పెట్టెతోనే మొదలుపెట్టండి. పాతదానినీ కొత్తదానినీ ఒకే నీటితో, ఒకే కొలత కప్పులలో, ఒకే సమయం నాననిచ్చి పక్కపక్కన పెట్టుకొని రుచి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఇవన్నీ చేసినా ఖర్చు భారంగానే ఉంటే బ్యాగులను మానివేసి, విడి సీటీసీ పొడిని కప్పులో అమరే సన్నని జాలిలో వేసి మరుగునీరు పోసుకోండి. దానికి కూడా పొయ్యి అక్కరలేదు. పైగా ఎంత పొడి వేయాలో నిర్ణయించేది మీరే అవుతారు.