హాబ్సన్ పిసినారి కాదు, గుర్రాల మంచిచెడ్డలు తెలిసినవాడు

ఇంగ్లిషులో 'హాబ్సన్స్ ఛాయిస్' అనే జాతీయానికి అర్థం ఏమిటి, ఆ మాట ఎలా పుట్టింది అన్నది ప్రశ్న. దీనికి కోచింగ్ మెటీరియల్‌లో 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి' అని అర్థం రాసి ఉండటం నేనే చూశాను. అది తప్పు. నుయ్యీ గొయ్యీ అంటే రెండున్నాయి, రెండూ చెడ్డవే. హాబ్సన్ దగ్గర ఉండేది ఒకటే. తీసుకుంటే అది, లేకపోతే ఏమీ లేదు.

థామస్ హాబ్సన్ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉండేవాడు. లండన్‌కి సరుకులు, ఉత్తరాలు చేరవేస్తూ, పక్కన గుర్రాలు అద్దెకిచ్చేవాడు. ఆయన సాలలో 40 గుర్రాలుండేవని చెబుతారు. యూనివర్సిటీ కుర్రాళ్లు ఎవరొచ్చినా తలుపు దగ్గరున్న గుర్రాన్నే ఎక్కాలి. ఏరుకోవడం కుదరదు. దాన్ని మొండితనమనో పిసినారితనమనో అనుకుంటారు. నాకు మాత్రం మా నాన్న గుర్తొస్తాడు.

మాది అద్దె సైకిళ్ల షాపు. 14 సైకిళ్లు. మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో నంబర్లు. తిరిగొచ్చిన సైకిలు వరుసలో చివరికి పోవాలి, ముందున్నది బయటికెళ్లాలి. ఒక వేసవి సెలవుల్లో నా స్నేహితుడు వచ్చి కొత్తగా కొన్న 14వ నంబరు కావాలన్నాడు. నాన్న 3వ నంబరు చూపించాడు. వాడు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

పొద్దున్నే నాన్న నన్ను షాపుకి తీసుకెళ్లి 9వ నంబరు వెనక చక్రం తిప్పమన్నాడు. గరగరమంది. "ఇది కూడా ఒకప్పుడు కొత్తదే. అప్పుడు ఎవరికి నచ్చింది వాళ్లకిచ్చేవాణ్ణి. అందరూ దీన్నే అడిగారు. ఏడాది తిరక్కుండానే బేరింగులు పోయాయి. ఎవరూ ఎక్కనివి ఆ మూలన తుప్పు పట్టాయి. రెండు విధాలా పోయింది మన డబ్బే," అన్నాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ చెవిలోనే ఉన్నాయి.

హాబ్సన్ సంగతీ అచ్చం ఇదే. కుర్రాళ్లు గుర్రాల్ని విపరీతంగా పరిగెత్తించేవాళ్లు. మంచి గుర్రాన్నే రోజూ ఇస్తే అది చచ్చిపోతుంది. వరుస పెడితే ప్రతి గుర్రానికీ విశ్రాంతి దొరుకుతుంది, డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకటే పద్ధతి. 1712లో స్పెక్టేటర్ పత్రిక ఈ కథ రాసినప్పుడు కూడా గుర్రాలన్నిటికీ సమానంగా న్యాయం జరిగేదనే చెప్పింది. పైగా కేంబ్రిడ్జికి మంచినీళ్లు తెచ్చిన కాలువ ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. దాని బాగోగుల కోసం భూమి రాసిచ్చి పోయాడు. పిసినారి చేసే పనేనా అది? 1631లో ఆయన పోతే, అక్కడే చదువుకుంటున్న ఇంగ్లిషు కవి జాన్ మిల్టన్ ఆయన మీద రెండు పద్యాలు రాశాడు. గిట్టనివాడి మీద ఏ విద్యార్థీ పద్యాలు కట్టడు.

నా బాధల్లా ఒకటే. మన పిల్లల చేత జాతీయాల్ని ఎక్కాల్లా బట్టీ పట్టిస్తున్నారు. వెనకున్న మనిషిని చెప్పరు. గుర్రాల సంగతి ఒక్కసారి చెబితే చాలు, పరీక్షలో నుయ్యీ గొయ్యీ అని ఎవరూ రాయరు.

ఇక వాడకం. రెండు కాలేజీల్లో సీటొచ్చి ఎందులో చేరాలో తేలక టెన్షన్ పడుతుంటే అది హాబ్సన్స్ ఛాయిస్ కాదు. ఆఖరి కౌన్సెలింగ్‌లో ఒక్క సీటే మిగిలి, చేరతావా పోతావా అంటే అదీ హాబ్సన్స్ ఛాయిస్.