ఏసీఎల్ సర్జరీ తర్వాత మళ్లీ స్కీ రేసుల్లోకి: భయం ఎప్పుడు పోతుంది?

సర్జన్ ఓకే చెప్పేశారు, జిమ్ టెస్టులన్నీ పాసయ్యాడు, అయినా స్టార్ట్ గేట్ దగ్గరికి వచ్చేసరికి మా అబ్బాయి బిగుసుకుపోతున్నాడు, మానసికంగా సిద్ధమయ్యాడో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగారు కదండీ. మేం ఉండేది కొలరాడోలో. మా అమ్మాయి క్లబ్ తరఫున జెయింట్ స్లాలమ్ చేస్తుంది, అంటే మంచులో పాతిన గేట్ల (కర్రల) మధ్య పెద్ద పెద్ద మలుపులు తిరుగుతూ దిగే స్కీ రేసు. ఎడమ మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్) తెగి, సర్జరీ అయ్యి, తర్వాతి సీజన్‌లో మళ్లీ రేసుల్లోకి దిగింది.

మేం చూసినంతలో భయం ఒంటినిండా ఉండదండీ, ఎక్కడో ఒకచోట నక్కి ఉంటుంది. "భయంగా ఉందా" అనడిగితే మా పిల్ల ఎప్పుడూ "లేదమ్మా" అనేది. అది అబద్ధమూ కాదు. కోచ్ వీడియో ఆపి ఆపి చూపించాకే అర్థమైంది. ఎడమవైపు మలుపుల్లో మునుపటిలాగే ఉంది. కుడివైపు తిరిగేటప్పుడు మాత్రం, బరువంతా బయటి స్కీ మీద, అంటే ఆపరేషనైన కాలి మీద పడాల్సిన క్షణంలో, నడుం వెనక్కి వాలిపోతోంది. దాంతో మలుపు ఆలస్యంగా మొదలవుతోంది. పోగొట్టుకున్న టైమంతా అక్కడే.

చిక్కేమిటంటే, రేసర్లకి ఏసీఎల్ తెగేది చాలాసార్లు మలుపులోనే. బయటి స్కీ పట్టు తప్పి, ఉన్నట్టుండి దాని లోపలి అంచు మళ్లీ మంచులో దిగబడితే మోకాలు మెలితిరుగుతుంది. వెనక్కి వాలితే ఆ పట్టు ఇంకా సడలుతుంది. కాలిని కాపాడుకుందామని ఒళ్లు చేసే పనే కాలి మీదికి తెస్తుందన్నమాట. ఇక్కడ "ధైర్యంగా వెళ్లు నాన్నా" అంటే ఏం లాభం?

కోచ్ టైమింగ్ ఆపేశారు. పొడుగు గేట్లు తీసి పొట్టివి పాతారు. తేలికపాటి వాలు మీద లోపలి స్కీ పైకెత్తి కుడి మలుపులే చేయించారు. మా పిల్లకి విసుగొచ్చి మొహం ముడుచుకునేది. నాకైతే ఆ విసుగే మంచి శకునంలా అనిపించింది.

ఇలాంటప్పుడు అందరూ ఆస్ట్రియా స్కీ రేసర్ హెర్మన్ మయర్ పేరే ఎత్తుతారు. 2001లో బైకు ప్రమాదంలో కాలు పోయినంత పనై, 2003 జనవరిలో తిరిగొచ్చి, ఆ నెల్లోనే ఆస్ట్రియాలోని కిట్జ్‌బూల్‌లో సూపర్-జీ (జెయింట్ స్లాలమ్ కంటే వేగంగా సాగే రేసు) గెలిచాడు. గొప్ప కథే, కానీ బిగుసుకుపోయిన పిల్లల మీద అది బరువు పెడుతుంది. మీ వాడికి అమెరికా స్కీ రేసర్ మికేలా షిఫ్రిన్ సంగతి చెప్పండి. 2024 నవంబర్‌లో కిల్లింగ్టన్ జెయింట్ స్లాలమ్‌లో పడి పొట్టలో గాయమైంది. రెండు నెలలకి స్లాలమ్‌లోకి (గేట్లు దగ్గరదగ్గరగా, మలుపులు చిన్నగా ఉండే రేసు) వచ్చేసింది, జెయింట్ స్లాలమ్‌లో మాత్రం ఒళ్లు మాట వినలేదు. 2025 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తన టైటిల్ ఉన్న ఆ ఈవెంట్ నుంచే తప్పుకుని, ఆ భయం గురించి బాహాటంగా చెప్పింది. ఫిబ్రవరి 22న ఇటలీలోని సెస్త్రియేరేలో జెయింట్ స్లాలమ్ రెండో రన్‌కి అర్హత రాలేదు. మర్నాడు అక్కడే స్లాలమ్‌లో 100వ ప్రపంచ కప్ విజయం! ఒకే మనిషి, ఒకే ఊరు.

మీ ఫిజియోని ఏసీఎల్-ఆర్‌ఎస్‌ఐ గురించి అడగండి, ఏసీఎల్ గాయం తర్వాత మళ్లీ ఆటలోకి దిగడానికి మానసికంగా సిద్ధమయ్యారో లేదో చూసే ప్రశ్నావళి అది. 12 ప్రశ్నలుంటాయి, మోకాలి మీద నమ్మకం, మళ్లీ దెబ్బ తగులుతుందన్న బెంగ లాంటివి. స్కోరు కంటే, ఏ ప్రశ్న దగ్గర తక్కువ వేసుకున్నాడో చూడండి. ఆపరేషన్ ఏ కాలికో, ఏ ఈవెంట్‌లో బిగుసుకుంటున్నాడో ఇక్కడ రాస్తే, మా కోచ్ చేయించిన డ్రిల్స్‌లో పనికొచ్చేవి చెప్తాను.