మూత విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పాత సామాన్ల కొట్లో 14 అంగుళాల రంగుల మానిటర్ కొన్నావని, దాన్ని రాత్రిపూట ఒక్కడివే కూర్చుని బాగుచేయబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పిక్చర్ ట్యూబుల వెనకే బతుకు గడిపినవాడిని కనుక సంతోషించాను, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దుమ్ము మెత్తని బ్రష్షుతో దులుపు. ఈహెచ్‌టీ, అంటే ట్యూబుకు ఎక్కువ వోల్టేజి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, దాని కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ (పట్టు వదిలిన అతుకు) ఉంటే మళ్లీ అతుకు. ఉబ్బిన కెపాసిటర్లు (చార్జిని నిలవ ఉంచే భాగాలు) మార్చు. ఇవి నీకు తెలిసినవే.

ప్లగ్గు పీకినా ట్యూబులో కరెంటు మిగిలే ఉంటుంది. ట్యూబు మీద రబ్బరు టోపీ కింద ఉండే ఆనోడుకు 20 వేల వోల్టులకు పైనే అందుతాయి. గాజుకు లోపలా బయటా నల్లని పూత ఉండటం వల్ల ట్యూబే ఒక కెపాసిటర్ అవుతుంది. అందుకని పొడవాటి ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరు ఇనుప కాడను ముందుగా ట్యూబు వెనక బయటి పూతకు ఆనుకుని ఉన్న అల్లిక తీగకు (ఎర్తు) కట్టి, ఆ తరువాతే రబ్బరు టోపీ కిందికి దూర్చాలి.

నేనూ అలాగే చేశాను. పనిలో చేరి రెండేళ్లయింది, రాత్రి పది దాటింది, షాపులో నేనొక్కణ్ణే ఉన్నాను. 'టప్' మన్న చప్పుడు విన్నాను, నీలి మెరుపూ చూశాను. ట్యూబు విప్పి బల్ల మీద పెట్టి, టీ తాగి వచ్చి, రెండు చేతులతో ఎత్తబోతే వేలు ఆనోడు గుంటలో పడింది. ఖాళీ చేసిన ట్యూబులో సైతం, ఎండిందనుకున్న చెలమలో నీరూరినట్టు, గాజులో ఇంకిన చార్జి కాసేపటికి మళ్లీ పైకి వస్తుందని నాకెవరూ చెప్పలేదు. షాక్ చిన్నదే, కానీ చేతులు వాటంతటవే వదిలేశాయి. ట్యూబు మెడ బల్ల అంచుకు కొట్టుకుని విరిగి, బుస్సుమని గాలి లోపలికి పోయింది. లోపలంతా శూన్యమే కదా, ముందువైపు గాజు పగిలి ఉంటే ముక్కలు మొహం మీదికే వచ్చేవి. ట్యూబు ఖరీదు నా జీతంలో కోసుకున్నారు. ఆ రాత్రి మోచేతి మీద పడిన మచ్చ సైకిల్ మీంచి పడితే వచ్చిందని మీ అమ్మకు చెప్పాను, ఆమె ఇప్పటికీ అదే నమ్ముతోంది. ఈ ఉత్తరం ఆమె కంట పడనీయకు.

కనుక ఒకసారి డిశ్చార్జి చేసి, పది నిమిషాలాగి మళ్లీ చెయ్యి. ట్యూబు బయట ఉన్నంతసేపూ ఆనోడును అల్లిక తీగకు కలిపే ఉంచు. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా ఉండవచ్చు, మీటరు పెట్టి చూడకుండా ముట్టుకోకు.

సెట్టు వేసి సరిచేసేటప్పుడు అరగంట వేడెక్కనిచ్చి, తెరకు ఎదురుగా అద్దం పెట్టుకుని, ప్లాస్టిక్ పుల్లతో ఫోకస్, స్క్రీన్ అనే మరలు తిప్పు. షాక్ ఒక చేతి నుంచి రెండో చేతికి పాకకుండా ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. ట్యూబు మెడ మీది అయస్కాంతపు రింగులు కదిపే ముందు పెయింటుతో గుర్తు పెట్టుకో. బొమ్మ పెద్దది కావాలని బీ ప్లస్ (సెట్టు లోపలి ముఖ్యమైన డీసీ వోల్టేజి) పెంచావో, ఈహెచ్‌టీ వోల్టేజితో పాటు ఎక్స్‌రేలూ పెరుగుతాయి. ఆ పని చేశావని తెలిస్తే చెవి మెలిపెడతాను.

ఆదివారం మొదటి బస్సుకు నా సీరీస్ బల్బు బోర్డు (సెట్టుకు కరెంటు మరీ ఎక్కువగా పోకుండా మధ్యలో బల్బు పెట్టిన బోర్డు), కళ్లద్దాలు తీసుకుని వస్తాను. అందాకా మూత స్క్రూలు బిగించే ఉంచు నాయనా.

నీ మామయ్య