మొదటి సోడా బట్టీకి లోపల గ్లేజు, పైన స్లిప్పు: ఏం కలపాలి, ఎంత కలపాలి?

గూడూరు, సైదాపురం వైపు దొరికే పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ (వేడికి కరిగి గాజయ్యే రాయి) పొడులు సోడా బట్టీకి (బాగా వేడెక్కాక లోపలికి సోడా వదిలి కుండలు కాల్చే బట్టీకి) పనికొస్తాయా, ఊరి కుమ్మరి వాడే చెరువు మట్టి సరిపోతుందా అని అడిగారు. పొడులు భేషుగ్గా పనికొస్తాయి. చెరువు మట్టితో మాత్రం కుండ చేయొద్దు. ఆవంలో 800–900 డిగ్రీలకు కాలే మట్టి అది. ఈ బట్టీ వెళ్లేది కోన్ 10 దాకా (కోన్ అంటే బట్టీ వేడికి కొలత), అంటే దాదాపు 1,290 డిగ్రీలు. ఆ వేడికి పొంగి, కుంగిపోయి, కింద ఉన్న బట్టీ పలకకి అతుక్కుంటుంది. అంత వేడిని తట్టుకునే స్టోన్‌వేర్ మట్టే తీసుకోండి.

సోడా ఆవిరి కుండ పైన మట్టిలోని సిలికాతో కలిసి తనంతట తానే గాజు పొర కడుతుంది. అందుకని బయట గ్లేజు (కాలితే గాజయ్యే పూత) అక్కర్లేదు. లోతు గిన్నెలు, చెంబుల లోపలికి ఆవిరి సరిగా పోదు కాబట్టి అక్కడ గ్లేజు పూయక తప్పదు. తూకంలో ఫెల్డ్‌స్పార్ (పొటాష్‌ది) 40, పలుగురాయి పొడి (సిలికా అంటే ఇదే) 30, వైటింగ్ (సుద్దపొడి) 20, చైనా క్లే (తెల్ల మట్టి) 10. చిల్లకూరు ఇసుక సిలికానే అయినా ఇసుకలాగే వేస్తే కరగదు, 200 మెష్ పొడి (అంగుళానికి 200 కన్నాల జల్లెడ దాటేంత మెత్తనిది) కావాలి. కిలో పొడికి లీటరుకి కాస్త తక్కువ నీళ్లు. పొడిని నీళ్లలో చల్లి, రాత్రంతా నాననిచ్చి, 80 మెష్ జల్లెడలో రెండుసార్లు వడకట్టండి. అడుగున పేరుకోకుండా 2 శాతం బెంటొనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే మెత్తని మట్టి) వేయాలి. అది నీళ్లు పోయకముందే మిగతా పొడుల్లో కలపాలి, నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. సముద్రం దగ్గర ఊళ్ల ఉప్పు బోరు నీళ్లు వద్దు. ఉప్పుకి గ్లేజు చిక్కబడుతుంది, చిక్కబడిందని ఇంకా నీళ్లు పోస్తారు, ఆరాక పగుళ్లిస్తుంది.

అసలు అందమంతా బయట పూసే స్లిప్పులోనే (నీళ్లలో కలిపిన పలుచని మట్టి పూత). చైనా క్లే 80, ఫెల్డ్‌స్పార్ 20. బిస్క్ అయిన (ముందు ఒకసారి తక్కువ వేడికి కాల్చిన) కుండకి పూసేట్టయితే చైనా క్లేలో సగం ముందుగా బిస్క్ బట్టీలోనే గిన్నెలో పెట్టి కాల్చింది వాడండి. అంతా పచ్చిదే అయితే ఆరేటప్పుడు కుంచించుకుపోయి పెచ్చులూడుతుంది. పాలంత పలుచగా ఉండాలి: వేలు ముంచి తీస్తే చర్మం గీతలు కనబడాలి. మందంగా పూస్తే సోడా లోపలికి ఇంకక సున్నం కొట్టినట్టు పొడిపొడిగా మిగులుతుంది. ఇనుము కొద్దిగా ఉన్న చైనా క్లే నారింజకి తిరుగుతుంది, మరీ తెల్లనిది వెలవెలబోతుంది. రెండు మూడు రకాలు తెప్పించి చిన్న మట్టి బిళ్లల మీద పూసి, కాల్చి చూసుకోండి.

చెరువు మట్టికీ ఇక్కడ చోటుంది. ఎండబెట్టి, దంచి, జల్లించి స్లిప్పుగా పూస్తే గోధుమరంగు వస్తుంది. ఆ వేడికి కరిగి జారుతుంది కాబట్టి పై సగానికే పూయండి.

లోపలి గ్లేజు కూడా సోడా తగిలితే పలచబడుతుంది. అంచు దాటి బయటికి కారిన చుక్కని తడి స్పాంజితో తుడిచేయండి. అడుగున సెంటీమీటరు దాకా ఏమీ ఉండకూడదు. ప్రతి కుండ కిందా, మూతల అంచు కిందా అల్యూమినా హైడ్రేట్ (సోడాకి గాజు కాని తెల్ల పొడి), చైనా క్లే సగం సగం కలిపిన ముద్దలు పెట్టాలి. బట్టీ పలకలకి పూతా అదే పాళ్లలో. అందులో పలుగురాయి పొడి పడిందా, సోడా దాన్నే పట్టుకుని గాజు చేస్తుంది, కుండ ఊడి రాదు.

పలుగురాయి పొడి తూచేటప్పుడు ఎన్95 మాస్క్ తీయొద్దు, నేల పొడిగా ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి.